నలభై మంది విలేకరులు

పత్రిక అచ్చయి వచ్చిన ఆదివారం పొద్దున్నే భూదవ్వ మహిపాల్ గుమ్మంలో నిలబడింది.

"సారూ, జెర సదివి చెప్పుండ్రి."

మహిపాల్‌కు ఒళ్లు మండింది. నెలనెలా ఇదే గోల.

ఎల్లారెడ్డి దగ్గరున్న ఆ ఊరికి ఒక పత్రిక, ఒక వెబ్‌సైటు ఉన్నాయంటే అది మహిపాల్ చలవే. కామారెడ్డిలో అతనికి జిరాక్సు దుకాణం ఉంది. వారమంతా అక్కడే ఉండి, ఆదివారం ఊరికి వచ్చి 'మన ఊరి ముచ్చట' పని చూసుకుంటాడు. అచ్చు కాపీలు ఇంటింటికీ పంచుతాడు. అవే పేజీలు వెబ్‌సైటులో పెడితే దుబాయి, మస్కట్‌లలో ఉన్న ఊరివాళ్లు ఫోన్లలో చదువుకుంటారు.

పత్రికకు ఒకటే కట్టుబాటు. పంచాయతీ గోడకు తగిలించిన పెట్టెలో చీటీ పడితేనే వార్త. నోటిమాట వేయరు.

మొదట్లో ఒకసారి నోటిమాట నమ్మి, నిక్షేపంగా బతికున్న మనిషికి శ్రద్ధాంజలి వేశాడు. ఆ మనిషే వచ్చి నాలుగు తిట్టి పోయాక పెట్టుకున్న కట్టుబాటు అది.

చీటీల మీద రాసినవాళ్ల పేర్లు ఉండేవి కావు. చేతిరాతలు మాత్రం రకరకాలు. కొన్ని గుండ్రంగా ఉండేవి, కొన్ని కోడి గెలికినట్టు ఉండేవి. అన్నీ తంబాకు వాసన కొట్టేవి. ఇంటింటా బీడీలు చుట్టే ఊళ్లో ఆ వాసన ఎవరికి వింత?

ఒకనాడు కూర్చుని లెక్కపెడితే నలభై రకాల రాతలు తేలాయి. అప్పటినుంచి మహిపాల్ కనిపించినవాళ్లందరికీ ఒకటే చెప్పేవాడు.

"మా పత్రికకు నలభై మంది విలేకరులు. పెద్ద పేపరోళ్లకు గూడ ఒక్క ఊళ్లె అంతమంది ఉండరు!"

గుమ్మంలో భూదవ్వ ఇంకా నిలబడే ఉంది. తప్పదని మహిపాల్ చదవడం మొదలుపెట్టాడు.

"దేవయ్య బోరుల రెండించుల నీళ్లు పడ్డయి. గౌరవ్వ కోడలికి ఆడపిల్ల పుట్టింది."

"బిడ్డ బరువు అచ్చుల పడ్డదా సారూ? మూడు కిలోలు."

"పడ్డది."

"కమలవ్వ కండ్ల ఆపరేషన్?"

మహిపాల్ పత్రిక మడిచి పక్కన పడేశాడు.

"అవ్వా, నీకు సదువు రాదు. ఇది నీ ఊరు గూడ గాదు. మా ఇండ్లళ్ల ముచ్చట్లు నీకెందుకు?"

నిజమే, ఆమెది ఆ ఊరు కాదు. ఇరవై ఏళ్ల కింద పోచారం దిక్కు నుంచి మొగుడితో బీడీల పనికి వచ్చింది. మొగుడు పోయాక ఒంటి గదిలో అద్దెకు ఉండిపోయింది.

భూదవ్వ ముఖం చిన్నబోయింది.

"ఉత్తగనే అడిగిన సారూ" అని కొంగు సర్దుకుని వెళ్లిపోయింది.

వచ్చే నెల వందో సంచిక. మహిపాల్ ఉత్సాహం పట్టలేక పెట్టె మీద కాగితం అంటించాడు. 'వార్తలు రాసేవారు పేర్లు ఇవ్వండి. అందరి ఫొటోలు వేస్తాం. శాలువాలు కప్పుతాం.'

తర్వాతి ఆదివారం పెట్టె తెరిచాడు. ఒక్క పేరూ లేదు. ఒక్క చీటీ కూడా లేదు.

ఆ పై ఆదివారం కూడా అంతే. మూడో ఆదివారం పెట్టెలో సాలీడు గూడు కట్టుకుని ఉంది.

మహిపాల్‌కు దిగులు పట్టుకుంది. ఎనిమిదేళ్లు ప్రాణం పెట్టి నడిపిన పత్రిక ఇది. వందో సంచిక తెల్లకాగితాలతో వేయాలా? అసలు ఊరికి తన మీద అంత కోపం ఎందుకొచ్చింది?

పాత చీటీల కట్ట పట్టుకుని, రాసినవాళ్లను వెతుక్కుంటూ బయలుదేరాడు. ముందుగా బీడీ కార్ఖానాలో లెక్కలు రాసే నరేందర్ దగ్గరికి వెళ్లాడు.

నరేందర్ కట్ట విప్పి చూశాడు.

"ఈ గుండ్రటి రాత నాదే అన్నా."

"మరి ఎందుకు బంద్ చేసినవ్ తమ్మీ? నేనేం తప్పు చేసిన?"

"నా సొంతంగ నేనేడ రాసిన? భూదవ్వ బీడీలు ఇయ్యొచ్చినప్పుడు చెప్తుండె, నేను రాస్తుంటి. నేను లేకపోతే సూదులేసే నర్సమ్మ తాన, బస్సు కండక్టర్ తాన, రేషన్ డీలర్ తాన. ఎవలి చేతుల పెన్ను కనపడితే వాళ్ల ముందట కూసునేది."

మహిపాల్ కట్ట అందుకుని ఒక్కో చీటీ తిప్పి చూశాడు.

"రోజుకొక ఇంటి అరుగు మీద కూసోని బీడీలు చుట్టేది గదా, ఆ ఇంటి మంచిచెడ్డ అడిగి తెలుసుకునేది. 'దుబాయి దేశం పోయినోళ్లు ఇంటికాడ ఏమైందో తెల్వక తండ్లాడుతరు, రాయి బిడ్డా' అనేది."

"మరి నాకొక్క మాట చెప్పకపోయిందేంది?"

"'బయటి ఊరిదానివి, మా ముచ్చట్లు నీకెందుకంటరు, చెప్పకు' అన్నదన్నా."

మహిపాల్‌కు తలకొట్టేసినట్టయింది. తాను అన్నది కూడా అచ్చంగా ఆ మాటే.

"ఇప్పుడేడున్నది? నేను పోయి కలుస్త."

నరేందర్ వింతగా చూశాడు.

"నీకు తెల్వదా అన్నా? పోయిన పత్రిక వచ్చిన వారమే దమ్ము లేచి, ఊపిరాడక ఎల్లారెడ్డి దవాఖానకు పోయింది. ఆడనే పానం పోయింది. చెల్లెలి తరపోళ్లు అటునుంచి అటే పోచారం దిక్కు తీస్కపోయిండ్రు."

"గంత జరిగితే ఒక్కరన్న చీటీ ఎయ్యలేదా?"

నరేందర్ తల దించుకున్నాడు.

"రాయమని చెప్పెటోళ్లు ఎవలున్నరన్నా?"

ఊళ్లోని ప్రతి పుట్టుకనూ ప్రతి చావునూ పత్రికకు అందించిన ఆ నలభై మంది విలేకరులూ అక్షరం ముక్క రాని భూదవ్వ ఒక్కతేనని, ఆమె పోయిన కబురు అందించడానికి ఊరంతటిలో రెండో విలేకరి లేడని మహిపాల్‌కు అప్పుడు అర్థమైంది.