నాలుగో పిస్టన్

షెడ్డు ముందు తచ్చాడే ముసలాయన పాత ఇనుము ఎత్తుకుపోయే రకమని పంక్చర్ కొట్టు ఆవిడ అందట.

ఆ మాట బ్యాటరీల కొట్టు మీదుగా డీజిల్ మెకానిక్ చెవికి చేరేసరికి ముసలాయన సంచిలో రెండు పిస్టన్లు కూడా పడ్డాయి.

మర్నాడు మెకానిక్ ఒక కన్ను పని మీద, ఒక కన్ను గుమ్మం మీద పెట్టుకుని కూర్చున్నాడు.

పని చిన్నదేం కాదు. కొండదారిలో బరువులు లాగే టర్బో లారీ. ఆరు సిలిండర్ల ఇంజన్. మూడు నెలల్లో రెండోసారి నాలుగో పిస్టన్ పట్టేసింది.

"పవర్ చాలదని డీజిల్ ఎక్కువ పడేలా పంపు తిప్పించుకున్నావు. నిప్పు ఎక్కువై మాడింది," అన్నాడు మెకానిక్.

"మొదటిసారి ఆగినప్పుడే దాన్ని తగ్గించావు కదన్నా," అన్నాడు డ్రైవరు. లారీ అతని సొంతం. "ఈసారి ఆగిందంటే నావల్ల కాదు. అమ్మేసి బామ్మర్ది కొట్లో పొట్లాలు కడతాను. మా ఆవిడ అప్పుడే నాకో స్టూలు కూడా చూసి పెట్టింది."

ముసలాయన రానే వచ్చాడు. చేతిలో సంచి లేదు.

బల్ల మీది మాడిన పిస్టన్ తీసి, బోర్లించి, అడుగున వేలు పెట్టి చూశాడు.

"నిప్పు ఎక్కువై కాదు బాబూ. దీనికి నూనె అందలేదు."

"నూనె నిండుగానే ఉంది పెద్దాయనా."

"ఇంజన్లో ఉంది. పిస్టన్ అడుగుకి నూనె చిమ్మే గొట్టం ఉంటుందే, దాని మూతి పక్కకి తిరిగుంటుంది. పిస్టన్ దించేటప్పుడు దాని రాడ్ తగిలుంటుంది. రాడ్ తగలకుండా కింద ఎవరు చెయ్యి పెట్టారు?"

"ఎవరూ పెట్టరు. పైనుంచి సుత్తి కర్రతో రెండు తట్లు తడితే అదే దిగుతుంది."

"ఒక్కడివే దించావా?"

"పెళ్ళికూతురా ఏంటి, ఇద్దరు పట్టుకుని దించడానికి?"

డ్రైవరు నవ్వాడు. ముసలాయన నవ్వలేదు. మోకాళ్ళ నొప్పేమో, మూలనున్న కుర్చీ మీద చెయ్యి ఆనించి కూర్చోబోయాడు.

మెకానిక్ స్పానర్ పడేసి లేచాడు.

"అక్కడ కాదు, అక్కడ కాదు."

ఆ కుర్చీలో ఎవరూ కూర్చోరు. పాత లారీ సీటుకి ఇనుప కాళ్ళు అతికించి మెకానిక్ మేనమామ చేయించింది. షెడ్డూ ఆయన పెట్టిందే. తనకి పని నేర్పిన మేస్త్రి ఎప్పటికైనా వస్తే అందులో కూర్చోబెట్టాలని ఆయన కోరిక. మేస్త్రి రాలేదు. మేనమామ పోయాడు. మెకానిక్ మాత్రం రోజూ పొద్దున్నే ఆ కుర్చీ తుడవందే పని ముట్టడు.

"అది మా మావయ్య గురువుగారిది. దారిన పోయేవాళ్ళకి కాదు."

ముసలాయన కుర్చీ వంక కాసేపు చూశాడు. తన చేతి మసి అంటిన చోట భుజం మీది తువ్వాలుతో తుడిచి, వెళ్ళిపోయాడు.

"కుర్చీ మీద కూడా కన్నేశాడు," అన్నాడు మెకానిక్.

కొత్త సిలిండర్ లైనర్, కొత్త పిస్టన్, డీజిల్ చిమ్మే నాజిల్ కూడా కొత్తదే. మెకానిక్ మళ్ళీ ఒక్కడే దించాడు.

ఇరవై రోజులకి లారీ కొండ మధ్యలో ఆగింది. ఇంకో లారీకి కట్టి లాక్కొచ్చారు. నాలుగోదే.

డ్రైవరు తాళాలు బల్ల మీద పెట్టాడు.

"స్టూలు ఖాళీగానే ఉందటన్నా," అన్నాడు.

మెకానిక్ కింద పడుకుని ఆయిల్ చాంబర్ విప్పాడు. విప్పడం కొత్త కాదు. గొట్టం వంక చూడటమే కొత్త. లైటు పెట్టి చూస్తే దాని మూతి గోరంత పక్కకి తిరిగి ఉంది. నూనె పిస్టన్‌కి కాక సిలిండర్ గోడకి కొడుతోందన్నమాట.

చాలాసేపు బయటికి రాలేదు.

"ఆ పెద్దాయన్ని తీసుకొద్దాం పద," అన్నాడు వచ్చాక. "ఆయన కింద చెయ్యి పెడితే నేను పైనుంచి దించుతాను. ఈ ఒక్కసారి చూడు. తరవాత అమ్ముకుందువు గాని."

ఈమధ్యే వేరే ఊరినుంచి వచ్చి వెనక వీధిలో కూతురింట్లో ఉంటున్నాడని పంక్చర్ కొట్టు ఆవిడే చెప్పింది. పాత ఇనుము సంగతి ఎత్తలేదు.

కూతురు తడి చేతులతో తలుపు తీసింది.

"నాన్న పోయి పది రోజులైంది," అంది.



"ఆయన చెప్పిందే నిజమమ్మా," అన్నాడు మెకానిక్. "ఆయనకి పని తెలుసని నాకు తెలీలేదు. ఎవరో ఏమిటో ఒక్క మాట చెప్పుంటే నెత్తిన పెట్టుకునేవాణ్ణి."

కూతురు అతని మసి చేతుల వంక చూసి, తన చేతులు తుడుచుకుంది.

"మీ మావయ్యకి పని నేర్పింది ఆయనే. శిష్యుడు తనకోసం కుర్చీ చేయించాడని విని, ఒక్కసారి కూర్చుని చూద్దామని వచ్చాడు. మీరు కూర్చోనివ్వలేదటగా."