నత్తి పాఠం

“అదొక్కటీ వద్దండీ మేడం. ఇంకేం చెప్పినా చేస్తాను.”

సిద్దికా మాటకు క్లాసంతా వెనక్కి తిరిగి చూసింది. గుంటూరులో స్పీచ్ థెరపిస్టుల శిక్షణ మొదలై అది మూడో రోజు. నత్తి ఉన్నవాళ్లకు ఎలా సాయపడాలో నేర్పే నాగజ్యోతి మేడం ఆ ఉదయం అందరికీ ఒకే పని అప్పగించారు. ఊళ్లోకి వెళ్లి, ముక్కూమొహం తెలియనివాళ్ల దగ్గర కావాలని నత్తిగా మాట్లాడి రావాలి. ఒకరు మాట్లాడుతుంటే జోడీగా వెళ్లినవాళ్లు చూసి రాసుకోవాలి.

“ఆ చూపులు మనమీద పడితేనే తెలుస్తుందమ్మా, మన దగ్గరికొచ్చేవాళ్లు రోజూ ఏం మోస్తున్నారో. ఈ పని చేయకపోతే సర్టిఫికెట్ ఇవ్వను,” అన్నారు మేడం.

జోడీగా పడ్డ ఫెబా నవ్వింది. “గలగలా మాట్లాడేదానివి, నీకేం భయమే? రెండు మాటలు సాగదీస్తే సరిపోద్ది.”

సిద్దికా నవ్వలేదు. బస్టాండు దాకా ఆటోలో, అడగాల్సిన మాటను పెదాల మీదే పదేపదే పలికి చూసుకుంది. విచారణ కౌంటరు దగ్గర మూడుసార్లు వరుసలో నిలబడి, మూడుసార్లూ పక్కకు తప్పుకుంది. నాలుగోసారి పిడికిలి బిగించి కిటికీ ముందుకు వెళ్లింది.

“మా... మా...”

“మాచర్లా?” అన్నాడు లోపలున్నాయన.

కాదన్నట్టు తల ఊపింది. “మా... మా...”

“మాచవరమా? తొందరగా చెప్పమ్మా, వెనక జనం ఉన్నారు!”

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. “కాగితం మీద రాసియ్యొచ్చుగా,” అన్నారింకొకరు. సిద్దికా చెవులు ఎర్రబడ్డాయి. చూడలేక ఫెబా ముందుకొచ్చింది. సిద్దికా చేయి అడ్డం పెట్టి ఆపింది.

“మా... మార్టూరు బస్సు ఎ... ఎన్నింటికండీ?”

“పదకొండుంబావుకి.”

పక్కకొచ్చాక ఫెబా అంది, “ఇక చాల్లేవే, అయిపోయిందిగా.”

“ఇంకో చోటికి పోదాం పద.”

చీరలకు ఫాల్ కుట్టే సామ్రాజ్యం అనే ఆవిడ కొట్టుకు వెళ్లారు. ఫెబా తెచ్చిన చీర అందుకుని సామ్రాజ్యం పుస్తకం తెరిచింది. “పేరేంటమ్మా?”

“సి... సి...”

“సిరీషా? సింధూజా?” రాసేయబోయింది సామ్రాజ్యం.

“రా... రాయొద్దండీ. నేనే చె... చెప్తాను.”

సిద్దికా కళ్లు గట్టిగా మూసుకుంది. కుడికాలు నేలకేసి తట్టింది. మెడ నరాలు ఉబ్బాయి. సామ్రాజ్యం పెన్ను పట్టుకుని, ఏమీ అనకుండా ఎదురుచూసింది.

“సి... సిద్దికా.”

“మంచి పేరు,” అని రాసుకుంది సామ్రాజ్యం.

బయటికొచ్చాక సిద్దికా చున్నీతో కళ్లొత్తుకుంది. ఫెబా ఏదో అడగబోయి, మానుకుని, చేతిలోని కాగితం నింపడంలో పడింది.

సాయంత్రం ఆ కాగితం చదివి నాగజ్యోతి మేడం కళ్లద్దాలు తీసేశారు.

“కళ్లు మూసుకోవడం, కాలు తట్టడం... ఇవన్నీ నత్తి ఉన్నవాళ్లు మాట బయటికి రావడానికి చేసేవి. రేపటి పాఠంలోవి, నేనింకా చెప్పనే లేదు! ఇంత సహజంగా నటించడం ఎక్కడ నేర్చుకున్నావమ్మా?”

క్లాసంతా చప్పట్లు కొట్టింది. సిద్దికా లేచి నిలబడింది. చప్పట్లు పూర్తిగా ఆగేదాకా ఆగింది.

“న... నటించడం ఇవాళే మా... మానేశాను, మేడం.”