గింజ చూసి ఊరు చెప్పే మనిషి

కాశీబుగ్గ కుక్కల ఆశ్రమం ముందు జీడిపప్పు వ్యాపారి వైకుంఠరావు కారు దిగకుండానే కుక్క గొలుసు బయటికి చాపాడు.

“దీనికి కళ్లు పోనాయి. ఇంక ఫ్యాక్టరీ కాపలాకేటి పనికొత్తాది? నువ్వే ఉంచుకోమ్మా.”

ఆశ్రమం చూసుకునే దయామణి గొలుసు అందుకుంది.

“జాతి కుక్కే. నా కన్ను తప్పదు. జీడిగింజ సూసి అది ఏ ఊరి తోటదో సెప్పేత్తాను,” అన్నాడు గొప్పగా.

ముసలి కుక్క దయామణి నల్లబడిన వేళ్లు వాసన చూసి, తోకాడిస్తూ ఆమె కాళ్లకు చుట్టుకుంది.

“ఇదేటి! కొత్తోళ్లని కరిసేత్తాదే!”

“నాను కొత్తేటి బాబూ? పన్నెండేళ్లు మీ ఫ్యాక్టరీలో సేతులు నల్లబడేలా గింజలు కొట్టినాను. సూపు తగ్గిందని పోయినేడు మీరే తీసేసినారు.”

వైకుంఠరావు అప్పుడు ఆమె ముఖంలోకి చూశాడు. అయినా పోల్చుకోలేకపోయాడు.