డ్రమ్ముకు దిష్టి

“ఆ సోలలో ఏంటి?”

డ్రమ్ము మూత ఎత్తి పట్టుకున్న సుబ్బాయమ్మ ఉలిక్కిపడింది. అల్లుడు వెంకటకృష్ణారావు ఆవిడ చేతిలోంచి సోల లాక్కుని చూశాడు. నిండా కల్లుప్పు.

“దిష్టి తీస్తున్నా నాయనా. ఊళ్ళో వాళ్ళ కళ్ళన్నీ దీనిమీదే.”

“రోజూనా? పొద్దున మొదటి బిందె నోట పెట్టలేక పారబోస్తున్నానే, ఇదా సంగతి?”

వెంకటకృష్ణారావుకు ఒళ్ళు మండిపోయింది. తిరువూరు బస్టాండు ఎదుట అతని హోటల్లో పప్పు వెన్నలా ఉడుకుతోందంటే అంతా ఆ ఇనప డ్రమ్ము చలవే. బావినీళ్ళలోని సున్నాన్ని అందులోని ప్లాస్టిక్ పూసలు పీల్చేసుకుంటాయి.

“ఇది తెచ్చి మీకు మంచినీళ్ళ బావి నుంచి బిందెలు మోసే పని తప్పించాను. కూర్చోబెట్టి తిండి పెడుతున్నాను. చివరికి నా పొట్టే కొడతారా?”

“తిండి లెక్కపెడుతున్నారా అల్లుడుగారూ?”

“దండగ తిండి అంటున్నాను. మూట సర్దుకోండి.”

భార్య పరమేశ్వరి కాళ్ళావేళ్ళా పడ్డా వినలేదు. సుబ్బాయమ్మ ఆ మధ్యాహ్నమే పెనుగొలనులో తమ్ముడింటికి వెళ్ళిపోయింది. పీడ విరగడైందనుకున్నాడు వెంకటకృష్ణారావు.

వారం తిరక్కుండానే పప్పు గుగ్గిళ్ళలా మిగిలిపోవడం మొదలుపెట్టింది. బస్సు దిగినవాళ్ళు సాంబారు ఒక్క ముద్ద తిని, విస్తరి వదిలేసి ఎదురు హోటల్లో దూరుతున్నారు. ఇలాగే సాగితే తలుపులు మూసుకోవాల్సిందే. బెజవాడ నుంచి మెకానిక్ సుభానిని పిలిపించాడు.

సుభాని పూసలు అరచేతిలో పోసుకుని చూశాడు. “పీల్చిన సున్నం కక్కాలంటే వీటికి ఉప్పు పొయ్యాలి సార్. పోసి, మర్నాడు మొదటి నీళ్ళు పారబొయ్యాలి. బిగించిన రోజే చెప్పాను కదండీ.”

కొబ్బరికాయ కొట్టే హడావుడిలో ఆ రోజు వెంకటకృష్ణారావు వింటేగా.

“మరి ఇన్నాళ్ళూ బాగానే పనిచేసింది?”

“అయితే ఎవరో పోస్తూనే ఉండుంటారు.”

వెంకటకృష్ణారావు ఆ పూటే పెనుగొలను బస్సెక్కాడు.

సుబ్బాయమ్మ అరుగు మీంచి లేవలేదు. అల్లుడికి కాళ్ళు కడుక్కోవడానికి చెంబెడు నీళ్ళు కూడా ఇవ్వలేదు. అతను సిగ్గు చంపుకుని ముందు నిలబడ్డాడు.

“తప్పయింది అత్తయ్యగారూ. మీరు తీసిన దిష్టే నా హోటల్ని నిలబెట్టింది. ఆ ఉప్పు పడకపోతే డ్రమ్ము ఏనాడో మూలపడేదట. రండి, ఇంటికి పోదాం.”

సుబ్బాయమ్మ మొహం నల్లబడిపోయింది.

“బాగుచేశానా?” అంది పళ్ళు నూరుతూ. “నా బిందె లాక్కుని నన్ను దండగమనిషిని చేసిన ఆ డ్రమ్ము తుప్పుపట్టి చావాలనే గదయ్యా రోజూ సోలెడు పోసింది.”