ఒక్క కేక

“ఒర్రాలె. గట్టిగ కేకపెట్టి ఒర్రాలె. సిగ్గుపడొద్దు, చెప్తున్న,” అంది భార్య నీలి.

జాల్యా తల ఊపాడు. రైలు జనగామ స్టేషన్లో ఆగింది. వెనక జనం తోస్తుంటే కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టే దిగాడు. ఎడమకాలు ఈడ్చుకుంటూ ఫ్లాట్‌ఫారం మీద నడక మొదలుపెట్టాడు.

“పోయినసారి డాక్టరు నీ కాలు పైకి లేపితే ఏమన్నవ్?”

“ఠీక్ హై సాబ్ అన్న.”

“నొప్పి పుట్టలేదా మరి?”

“ఎందుకు పుట్టలే? నడుము కాడికెల్లి పిక్క దాక కరెంటు కొట్టినట్టైంది.”

“మరి నోరు ఏడ పోయింది?”

జాల్యా పదిహేడేళ్లు పటాలంలో పనిచేసిన మనిషి. మంచుకొండల్లో నీళ్ల డబ్బా మోస్తూ జారిపడి, తుంటి దగ్గర నరం నలిగింది. అయినా సరే, సర్వీసు ముగిసి ఇంటికి పంపే రోజున ‘నొప్పి ఏమైనా ఉందా’ అని అడిగితే అదే మాట, ఠీక్ హై సాబ్. ఆ మాటే కాగితం మీదికెక్కింది. తర్వాత వికలాంగ పింఛనుకు దరఖాస్తు పెడితే ఆ కాగితమే అడ్డం తిరిగింది. మళ్లీ పరీక్షకు పిలిచారు. మహానుభావుడు అక్కడా పళ్లు బిగబట్టాడు. ఈసారి జవాబులో ఇంకో ముక్క కలిపి పంపారు: ‘లేని నొప్పి చెబుతున్నాడు.’

పింఛను రాకపోవడం ఒక ఎత్తు, ఆ ముక్క ఒక ఎత్తు. దొంగ అన్నా అంత బాధపడేవాడు కాదు. అది చదివిన రోజు నుంచి తండాలో నలుగురి మధ్య కూర్చోవడం మానేశాడు. మిర్చి తోటలో అతని పని కూడా నీలే చేస్తోంది. ఇక మిగిలింది ఆఖరి అప్పీలు ఒక్కటే. ఇవాళ్టి డాక్టరు ఏం రాస్తే అదే ఖాయం.

“ఈ సారు నరాల డాక్టరు. అరికాల్ల సూది గుచ్చుతడట. మొన్న ఈ సారు దగ్గరికే పోయొచ్చిన మన తండా పూల్‌సింగ్ అన్న చెప్పలేదా? గంత మొనగాడు గూడ లేచి కూసున్నడట. నీకు గుచ్చంగనే ‘యాడీ’ అని ఒక్క కేక పెట్టు. గంతే.”

యాడి అంటే వాళ్ల ఇంటి భాషలో అమ్మ. ట్రైనింగులో చేరిన మొదటి వారమే చెయ్యి విరిగి జాల్యా ‘యాడీ’ అని కేక పెడితే బ్యారక్ మొత్తం పడీపడీ నవ్వింది. ఆ తర్వాత ఎంత దెబ్బ తగిలినా ఆ కేక అతని నోట రాలేదు.

“అయ్యో, నీ చెప్పు ఏది?” నీలి ఆగిపోయింది.

చూసుకుంటే ఎడమకాలికి చెప్పు లేదు. అది ఎక్కడో వెనక, తాము దిగిన పెట్టె దగ్గరే పడి ఉంది. నీలి పరుగున వెళ్లి తెచ్చి, వంగి తొడిగింది. ఎండకు నేల పెనంలా కాలుతోంది.

“నీ ద్యాస ఏడున్నది? మొన్న తుమ్మముల్లు దిగితే గూడ చెప్పకపోతివి. పొద్దుగూకినంక నేను చూసి పీకిన. గంత మొండితనం ఏందయ్యా నీకు!”

“సిపాయి కాలు. గట్లనే ఉంటది.”

“సిపాయి గిపాయి ఇయ్యాల బంద్. నాకోసం ఒక్కసారి ఒర్రు.”

ఆమె లేచి అతని చెయ్యి పట్టుకుంది.

“సరే. ఒర్రుత,” అన్నాడు.

మాజీ సైనికుల వైద్య శిబిరం ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. డాక్టర్ నరేందర్ నెరిసిన మీసాల మనిషి, ఆయనా పటాలంలో చేసి వచ్చినవాడే. కాగితాలు రెండుసార్లు చదివి బల్ల చూపించాడు.

“బోర్ల పడుకో జాల్యా. కాలికి ఏమన్న తెలిస్తే చెప్పు. అమ్మా, నువ్వు కాళ్ల దిక్కు నిలబడు. నడుమ మాట్లాడొద్దు.”

జాల్యా గోడవైపు ముఖం తిప్పి పడుకున్నాడు. పిడికిళ్లు బిగించాడు. కేకను గొంతు దాకా తెచ్చి పెట్టుకున్నాడు. ట్రేలో ఏదో చప్పుడైంది.

“ఏ ఊరు మనది?”

“బయ్యారం పక్కన తండా, సాబ్.”

“పడ్డప్పుడు ఏం మోస్తున్నవ్?”

జవాబు చెబుతున్నాడే గాని, అతని ప్రాణమంతా అరికాలి మీదే ఉంది.

“నీళ్ల డబ్బ సాబ్. పైన కాపలా చౌకీల ఆరుగురున్నరు. డబ్బ ఇడిస్తే వాళ్లకు తాగనీకి నీళ్లు లెవ్వు. గందుకే ఇడువలే.”

“అప్పుడన్న అరిచినవా?”

“లేదు సాబ్.”

ట్రేలో మళ్లీ చప్పుడైంది. కాళ్ల వైపు నుంచి నీలి వెక్కిళ్లు వినిపించాయి. ఓరి దేవుడా, ఇంకా మొదలే కాలేదు, అప్పుడే ఏడుపా! జాల్యాకు చిరాకేసింది. వెంటనే పాపమనీ అనిపించింది. కొంగు నోట్లో కుక్కుకుని ఉంటుంది పిచ్చిది.

తర్వాత కాగితం మీద కలం గీస్తున్న చప్పుడు. డాక్టరు రాసేస్తున్నాడు. ఈయనా అంతేనా! సూది ముట్టుకోకుండానే పంపించేస్తాడా? మళ్లీ ఆ ముక్కే రాస్తాడా? ఈసారి ఊరుకుంటే ఈ జన్మకు అబద్ధాలకోరుగానే మిగిలిపోవాలి.

“సాబ్, జర ఆగుండ్రి,” అన్నాడు గోడకేసి చూస్తూనే. “సూది గుచ్చి చూసినంక రాయుండ్రి. నేను అబద్ధం ఆడుతలేను.”

కలం ఆగింది. డాక్టరు లేచి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

“నీ అరికాల్ల ఇప్పటికే ఎనిమిది చోట్ల గుచ్చిన, జాల్యా.”