గుప్పెడు నెత్తళ్లు

కరోనా సోకితే వాసన తెలియదని పేటంతా అనుకుంటున్నారు. నేను తుమ్మగానే నా భార్య మంగాయమ్మకు అనుమానం వచ్చింది. పామర్రు సంత మూసేయడంతో అమ్ముడుపోని ఎండు నెత్తళ్ల చేపల బస్తాలు ఇంటి నిండా ఉన్నాయి. గుప్పెడు తీసి నా ముక్కు కింద పెట్టింది.

“వాసనొస్తందా మావా?”

“రావట్లేదే. నీకొస్తందా?”

“నా ఊసెందుకు? తుమ్మింది నువ్వు!”

వెంటనే గుమ్మంలోకి వెళ్లి కేకలేసింది. పేటవాళ్లు వచ్చి నన్ను కర్రలతో తోలుకుపోయి, రోగులను ఉంచిన తుఫాను షెల్టర్‌లోకి నెట్టి, తాళం వేశారు. నా వల్ల మంగాయమ్మకు అంటకూడదు కదా అనుకున్నాను.

లోపల అందరూ దగ్గుతున్నారు. నా ఈడు ముసలాయనే ఒకాయన జరిగి తన చాప మీద చోటిచ్చాడు. నా మొహం మీదే దగ్గి, అన్నం పొట్లం విప్పాడు.

ఆవకాయ వాసన గుప్పున కొట్టింది.

నా ముక్కు బాగానే ఉంది. పెళ్లయిన నాటి నుంచీ ఎండుచేపల బస్తాల మధ్యే పడుకుంటున్నాను. వాటి వాసన నాకు ఏనాడు తెలిసింది గనక?

లేచి తలుపు బాదాను.

“నాకు జబ్బు లేదు బాబూ! ఆవకాయ వాసనొస్తంది! తియ్యండి!”

బయట నవ్వులు వినిపించాయి.

“లోపలున్నోళ్లంతా అదే అంటన్నారు తాతా. పడుకో.”