నాలుగింటి మైకు

కాఫీ కప్పు నోటి దాకా తీసుకెళ్లిన జులెమా అలాగే ఆగిపోయింది.

కిటికీ బయట, రోజూ నాలుగింటికి వచ్చే మైకు బండి వెళుతోంది. అందులో వినబడాల్సినవి ఆమె రాసిన మాటలే.

"నిర్వహణ పనుల్లో భాగంగా రేపు స్వల్పంగా వాసన వెలువడే అవకాశం ఉన్నదని తెలియజేయడమైనది" అని ఆమె శుభ్రంగా రాసిచ్చింది.

వినబడుతున్నది వేరు.

"అక్కలూ, వదినలూ, రేపు మా ఫ్యాక్టరీ కంపు కొడుతుంది. కొంచెం కాదు, ముక్కులు పగిలిపోయేట్టు కొడుతుంది. ఉతికిన బట్టలు బయట ఆరేయకండి. పసిపిల్లలున్నవాళ్లు కిటికీలు మూసుకోండి. తప్పు మాదే, మన్నించండి. వెళ్లొస్తానమ్మా."

వీధిలో ఆడవాళ్లు నవ్వారు. జులెమాకి మాత్రం ఒళ్లు మండింది.

ఆ చేపల పొడి ఫ్యాక్టరీకి ఆమె ప్రజా సంబంధాల అధికారి. రాజధాని లీమా నుంచి వచ్చి ఏడాది కాలేదు. ఊరు కంపెనీని తిట్టుకోకుండా చూడటం ఆమె పని.

బండి నడిపే ఎలాదియోని పిలిపించింది. టోపీ తీసి చేత్తో పట్టుకుని వచ్చాడాయన.

"నేను రాసింది చదవమన్నాను కదా, బాబాయ్?"

"చదివానమ్మా. నాకే అర్థం కాలేదు. ఇక వాళ్లకేం చెప్పను?"

"తప్పు మాదే అని ఎవరనమన్నారు? లీమాలో లాయర్లు వింటే నా ఉద్యోగం ఊడుతుంది."

"కంపు మనది కాక ఎవరిదమ్మా?"

"మనది అనకండి. మీరు కంపెనీ మనిషి కాదు. మైకు మనిషి."

ఆయన మొహం చిన్నబోయింది. కాసేపు టోపీని అటూ ఇటూ తిప్పాడు.

"పోనీ, మిగతావి మీ ఇష్టం. కిటికీల మాట మాత్రం తీసెయ్యకండమ్మా."

"రేపట్నుంచి మీరు రానక్కర్లేదు."

లీమాలో ఒక రేడియో అమ్మాయి చేత చదివించి, రికార్డు చేయించి తెప్పించింది జులెమా. తేనె పూసిన గొంతు. జీపు మీద పెట్టి ఊరంతా తిప్పారు.

ఊరు విననట్టే ఊరుకుంది. ఉతికిన దుప్పట్లు దండేల మీదే ఉన్నాయి. కిటికీలు తెరిచే ఉన్నాయి. పసిపిల్లలు రాత్రంతా దగ్గారు.

నెల తిరక్కుండా ఆడవాళ్లంతా వచ్చి గేటు ముందు రోడ్డు మీద కూర్చున్నారు. చేపల లారీలు బారులు తీరాయి. ఎండకి సరుకు కుళ్లుతోంది.

"వాళ్లని లేపు, లేకపోతే నువ్వు లీమా బస్సెక్కు" అన్నాడు మేనేజరు.

జులెమా బయటికి వెళ్లింది. ముందు వరసలో ఫెలీసితా ఉంది. గేటు దగ్గర వేయించిన చేపలు అమ్మే మనిషి.

"మీకేం కావాలో చెప్పండి."

"ఆ టేపులో పిల్ల ఎవరమ్మా? మా ఊరి కంపు ఎప్పుడైనా పీల్చిందా?"

"అది కాదు..."

"మా ఎలాదియో రావాలి. వచ్చి చెబితే లేస్తాం."

నిజానికి జులెమాకీ నాలుగయ్యేసరికి చెవి వీధి వైపే పోతోంది. నా అనేవాళ్లు లేని ఆ ఊళ్లో, పోతూ పోతూ వెళ్లొస్తానమ్మా అనే గొంతు అదొక్కటే. ఆ మాట తనతోనే అంటున్నట్టుండేది. అది లేని సాయంత్రాలు ఎంతకీ గడవడం లేదు.

"పదండి, నేనే వెళ్లి పిలుస్తాను" అంది.

ఫెలీసితా దారి చూపించింది. తలుపుకి తాళం ఉంది. వాకిట్లో మైకు బండి గోడ వైపు తిప్పి పెట్టి ఉంది.

"రోడ్డు మీద కూర్చున్న హడావిడిలో చూసుకోనేలేదు. పోతానంటూనే ఉన్నాడు, పోయినట్టున్నాడు" అంది ఫెలీసితా నీరసంగా.

"ఎక్కడికి?"

"పైన కొండల్లో అక్క ఉందనేవాడు. ఏ ఊరో చెప్పలేదు. ఇంక దిగి రానన్నాడు."

నాలుగయింది. అలవాటు కొద్దీ ఎదురింటావిడ గుమ్మంలోకి వచ్చింది. పక్కింటావిడా వచ్చింది. కాసేపు వీధి చివరికి చూసి లోపలికి వెళ్లిపోయారు.

జులెమాకి ఏడుపొచ్చింది. ఒక్కసారి వస్తే చాలు, ఆ కాగితాలన్నీ చింపేసి, నోటికొచ్చినట్టు చెప్పుకోమనేది.

అప్పుడు చూసింది ఎలాదియో ఇంటి కిటికీని. అడ్డంగా చెక్కలు పెట్టి మేకులు కొట్టేసి ఉంది.

"దీన్నెందుకు ఇలా మూసేశారు?"

ఫెలీసితా ఆమె వైపు వింతగా చూసింది.

"నీకు చెప్పలేదా? పాత యజమానుల రోజుల్లో ఓ పొద్దున ఫ్యాక్టరీలో గ్యాసు లీకైంది. ఊళ్లో ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు. ఈ కిటికీ కింద ఉయ్యాల్లో పడుకున్న ఎలాదియో కూతురు మళ్లీ లేవలేదు. దాన్ని పూడ్చిపెట్టి వచ్చాకే ఆయన ఆ మైకు కొన్నాడు."